ఫైనల్ లెసన్ నాడు రావద్దన్న పిల్ల

ఫైనల్ లెసన్లకు రెండు రోజుల ముందు మా కాలేజీ హాల్లో నేనొక గంట మాట్లాడేదాన్ని. అది సిలబస్‌లో లేని గంట. టైంటేబుల్‌లోనూ ఉండేది కాదు. అయినా ఆ గంటను ఒక్కరూ ఎగ్గొట్టేవాళ్ళు కాదు. ఏడాది పొడుగునా నేను చెప్పిన శిశు మనోవిజ్ఞానానికి కునుకు తీసినవాళ్ళు కూడా ఆరోజు నోట్సు పట్టుకొని ముందు వరసలో కూర్చునేవాళ్ళు.

మా దగ్గర టీచరు శిక్షణకు వచ్చేవాళ్ళు కొన్ని నెలలు పల్లె బళ్ళలో ఉండి పాఠాలు చెప్పాలి. అందులో ఒక పాఠం పరీక్ష కింద లెక్క. దాన్నే ఫైనల్ లెసన్ అంటాం. బయటినుంచి వచ్చిన పరీక్షకుడొకరు, కాలేజీ తరఫున నాలాంటి లెక్చరరొకరు తరగతి వెనక కుర్చీలేసుకొని కూర్చుంటారు. రెండేళ్ళ చదువు ఆ నలభై నిమిషాల్లో తేలిపోతుంది. అందుకే ఆ గంటకు అంత గిరాకీ.

నేను చెప్పేవన్నీ చిన్న చిన్న సంగతులే. రోలప్ బోర్డు, అంటే చుట్టచుట్టి చంకన పెట్టుకెళ్ళే నల్లగుడ్డ బోర్డు, ఆ బడి గోడకున్న మేకుకు నిలుస్తుందో లేదో ముందురోజే చూసుకోండి. రాసేటప్పుడు పిల్లలకు వీపు మొత్తం చూపించకండి. చున్నీకి పిన్ను పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాక గొంతు కొంచెం తగ్గించి చివరి మాట చెప్పేదాన్ని.

“ముందు వరసల ఎవర్ని కూచోబెట్టాల్నో మీకు ఎరుకే. పాఠం ఖరాబు చేసెటోళ్ళు ఎవరో గుడ ఎరుకే. గా ఒక్కరోజు వాళ్ళ సంగతి మీరే చూసుకోవాలె.”

హాలంతా ఘొల్లున నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. నేను శిక్షణ పొందిన రోజుల్లో మా సారు కూడా ఇదే చెప్పారు. పానగల్ అవతల ఒక ఊళ్ళో నా ఫైనల్ లెసన్ జరిగిన రోజున ఇద్దరు పిల్లల్ని ఇంటి దగ్గరే ఉండమని చెప్పి, నేను ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను. వాళ్ళ ముఖాలు ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తుకు రావు. అప్పుడది నాకు తప్పుగా తోచలేదు. ఇంటికి చుట్టాలొస్తే చిరిగిన దుప్పటి లోపలి గదిలో పడేస్తాం కదా, అలాగే అనుకున్నాను.

తెలంగాణ వచ్చాక మూడు నాలుగేళ్ళకు మా కాలేజీకి ఒకమ్మాయి వచ్చింది. నార్కట్‌పల్లి దగ్గర హైవే పక్కన వాళ్ళ నాన్నది పంక్చర్ల దుకాణం. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే ముస్లిం కుటుంబం. ఈ పిల్ల మాత్రం ఒకటో తరగతి నుంచి తెలుగు బడిలోనే చదివింది. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. కౌన్సెలింగులో సీటు ఇక్కడ పడితే పెట్టె సర్దుకొని నల్లగొండ నుంచి పాలమూరుకు వచ్చేసింది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. నేను కోప్పడితే అందరూ తల దించుకునేవాళ్ళు. ఈమె మాత్రం నా కళ్ళలోకే చూసేది. ఆ చూపు నాకు నచ్చేది కాదని ఒప్పుకోవాలి.

ఆమెకు ప్రాక్టీసు కోసం ఇచ్చిన బడి కోస్గి దాటి ఆటోలో అరగంట పోయాక, పెద్ద ఊరికి విడిగా, వాగు అవతల ఉన్న చిన్న పల్లెలో ఉంది. రెండు గదులు, ఐదు తరగతులు, ఒకే ఒక్క సారు. అక్కడి మనుషులు వానలు కురిస్తే ఊళ్ళో ఉంటారు, కురవకపోతే బొంబాయి బస్సెక్కుతారు. బిల్డింగు పనుల దగ్గర తల్లిదండ్రులు, ఊళ్ళో అవ్వల దగ్గర పిల్లలు. ఆ బడిలో సగానికి సగం మంది అలాంటివాళ్ళే.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఎనిమిదేళ్ళుంటాయేమో. ఎప్పుడు చూసినా నడుము మీద ఏడాదిన్నర చెల్లెలు. అమ్మానాన్నలు బొంబాయిలో, అవ్వ పొద్దున్నే కూలికి పోయేది. అంగన్‌వాడీ వాగు అవతల పెద్ద ఊళ్ళో ఉంది, అదీ ఇంకొంచెం పెద్ద పిల్లలకే. కాబట్టి చెల్లెలు ఎక్కడుంటే అక్క అక్కడ, అక్క బడికి రావాలంటే చెల్లెలూ బడికి రావాలి. ఆ బడి సారు మంచివాడు. “చెల్లెతోనే రమ్మన్న మేడం. వద్దంటే గీ పిల్ల గుడ రాదు” అని నాతో చెప్పాడు. నేను విని ఊరుకున్నాను.

మొదటిసారి పాఠం చూడటానికి చెప్పకుండా వెళ్ళాను. చెప్పి వెళ్తే అసలు రంగు తెలియదని నా నమ్మకం. నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి భిన్నాలు చెబుతోంది. చేతిలో చార్టు లేదు, అట్టముక్క లేదు. మధ్యాహ్న భోజనం వండే ఆమెను అడిగి తెచ్చిన జొన్నరొట్టె ఒకటి ఉంది. దాన్ని రెండు సగాలు చేసింది, మళ్ళీ నాలుగు పావులు చేసి పీట మీద పెట్టింది. ఇంతలో ఆ చంటిది అక్క ఒళ్ళోంచి జారి, తప్పటడుగులేసుకుంటూ పోయి, ఒక పావు తీసి నోట్లో కుక్కుకుంది. తరగతి పగలబడి నవ్వింది.

ఆ అమ్మాయి కంగారు పడలేదు. నవ్వులు ఆగేదాకా ఆగి, అక్కను అడిగింది.

“మీ చెల్లె ఎంత తిన్నది?”

“పావు” అంది ఆ పిల్ల.

“ఇంకెంత మిగిలింది?”

“మూడు పావులు” అని కాసేపు చెల్లెలి నోటిని చూసి, “గాని మేడం, అది మొత్తం మింగలే. సగం ఉమ్మింది. పావుల సగాన్ని ఏమంటరు?” అని అడిగింది.

మూడో తరగతి పిల్ల తనంతట తాను పావులో సగం ఏమిటని అడిగింది. అలాంటి ప్రశ్న పుట్టించడానికి మేము రెండేళ్ళ కోర్సు నడుపుతున్నాం. ఆ ప్రశ్న నా కళ్ళముందే పుట్టింది. నేనేం చేశాను? ఎర్రపెన్ను తీసి ఆ అమ్మాయి రికార్డులో రాశాను: బోధనోపకరణం లేదు. తరగతిలో క్రమశిక్షణ లోపించింది. బయటి పిల్లలు తరగతి గదిలో ఉండరాదు. ఆ బ్యాచి మొత్తంలో అందరికన్నా తక్కువ మార్కులు ఆ పాఠానికే వేశాను. ఇప్పుడు ఆ పేజీ గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పాఠం అయ్యాక ఆమె నా వెంటే ఆటో దాకా వచ్చింది.

“మేడం, గా పిల్ల గింతవరకు నోరే తెరవలే. ఇయ్యాల్నే మాట్లాడింది” అంది.

“మంచిదే. ఫైనల్ లెసన్ నాడు గుడ గిట్లనే రొట్టెలు తినిపిస్తవా?” అన్నాను.

ఆటోవాడు తొందర పెడుతున్నాడు. జవాబు కోసం ఆగకుండా ఎక్కేశాను. చెప్పినా నేను వినేదాన్ని కాదు.

ఆ తర్వాత కొన్ని వారాలకు హాల్లో నా గంట జరిగింది. అందరూ నవ్వినప్పుడు ఆమె ఒక్కతే నవ్వలేదని రాసుకుంటే బాగుంటుంది. కానీ నేనామెవైపు చూడనే లేదు. నవ్విందో లేదో నాకు తెలియదు.

ఆమె ఫైనల్ లెసన్ మచ్చుకు చూపించదగ్గట్టు సాగింది. అదే తరగతి, అవే భిన్నాలు. ఈసారి రొట్టె బదులు రంగులు వేసిన గుండ్రటి అట్టలు. ముందు వరస పిల్లల తలలకు నూనె, దువ్వి వేసిన జడలు. ప్రశ్న అడగ్గానే చేతులు లేచేవి. వాళ్ళకు ఆ పాఠం అప్పటికే రెండుసార్లు చెప్పేసిందని నాకూ తెలుసు, పరీక్షకుడికీ తెలుసు. అది అందరూ చేసే పనే. బోర్డు మూలన అందంగా రాసి ఉంది: నమోదు తొమ్మిది, హాజరు ఎనిమిది.

“ఒక్కరు ఎందుకు రాలే?” అని పరీక్షకుడు మాటవరసకు అడిగాడు.

“జ్వరం సార్” అంది ఆమె. అని నా వైపు చూసింది. ముందు వరసలో పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అది అబద్ధమని నాకు ఆ క్షణమే తెలుసు. పానగల్ అవతల నేను చెప్పిన అబద్ధం కూడా జ్వరమే. పరీక్షకుడు నిండుగా మార్కులు వేసి, లేస్తూ, “మంచిగ తయారు చేసిండ్రు మేడం” అని నన్నే మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను. తిరుగు ప్రయాణంలో ఆటో కుదుపులకు నడుము విరుగుతున్నా కోస్గి దాకా ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఫైనల్ లెసన్లు అయినా ప్రాక్టీసు ఇంకా నెల ఉంటుంది. మార్కులు పడ్డాక ఆ నెలను చాలామంది నెట్టుకొస్తారు. పది రోజుల తర్వాత, ఒక శనివారం సాయంత్రం, ఆమె బడి నుంచి నేరుగా నా గదికి వచ్చింది. చెప్పుల నిండా దుమ్ము.

“మేడం, గా పిల్ల బడికొస్తలేదు.”

“ఏ పిల్ల?” అన్నాను. నిజంగానే నాకు గుర్తు రాలేదు.

“చెల్లెను ఎత్తుకొని వచ్చేది గద. ఫైనల్ లెసన్ నాడు రావద్దని చెప్పిన. ఒక్క రోజే అని చెప్పిన మేడం. గా దినం దాటిపోయింది, మల్ల రాలే.”

మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళిందట. అవ్వ మాట్లాడటం లేదు. ఇరుగుపొరుగు చెప్పిన సంగతి ఏమిటంటే, సోమవారం బొంబాయి బస్సులో ఆ పల్లె నుంచి ఒకామె వెళ్తోంది, ఆమెతో అక్కనూ చెల్లెనూ ఇద్దరినీ తల్లిదండ్రుల దగ్గరికి పంపేస్తున్నారు. బడికి పోనిది ఇక్కడుండి చేసేదేముంది, అక్కడుంటే తల్లి ఇటుకలు మోసే వేళకు చెల్లెను చూసుకుంటుంది కదా అని.

“అక్కడేదన్న బడిల ఏస్తరేమో” అన్నాను.

“బిల్డింగు పని కాడ బడి ఏడుంటది మేడం? ఒక్కసారి పోతే ఇగ గా పిల్ల చదువు అయిపోయినట్టే.”

అప్పుడు నాకు జాలి రాలేదు, కోపం వచ్చింది. శనివారం సాయంత్రం ఇంటికి పోయే వేళకు ఈ గోల తెచ్చిందని కోపం. “ఒక్కరోజు అని పిల్లకు సమజయ్యేటట్టు చెప్పరాదా నీకు? అది గుడ రాకపోతే టీచర్ పనికి ఎందుకొచ్చినవ్?” అని అరిచాను.

ఆమె కళ్ళు దించలేదు.

“మీరే చెప్పిండ్రు గద మేడం, వాళ్ళ సంగతి చూసుకొమ్మని. చూసుకున్న.”

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది, ఇంకో రెండు అరుపులు అరిచి పంపేసేదాన్ని. “పో, పొయ్యి హాస్టల్ల పండుకో” అని పంపేశాను. ఇంటికి వెళ్ళాక నేను రాసిందీ, చెప్పిందీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బయటి పిల్లలు తరగతి గదిలో ఉండరాదని రాసింది నేను. పాఠం ఖరాబు చేసేవాళ్ళ సంగతి చూసుకోమన్నది నేను. ఆ అమ్మాయి నేను చెప్పిన రెండు పనులూ చేసింది, అంతే. హాస్టలుకు ఫోను చేసి, పొద్దున మొదటి బస్సుకు తయారుగా ఉండమని చెప్పాను.

ఆదివారం మేము వెళ్ళేసరికి అవ్వ ఇంటి ముందు కూర్చొని కందులు చెరుగుతోంది. అరుగు మీద కట్టేసిన బట్టల మూట ఉంది. గోడకు ఆనుకొని ఆ పిల్ల, ఒళ్ళో చెల్లెలు. మమ్మల్ని చూసి పిల్ల లేచి నిలబడింది. అవ్వ చాట ఆపలేదు, కూర్చోమనీ అనలేదు.

“మీరేనా పెద్ద మేడం?” అంది నన్ను.

“అవునవ్వా.”

“పంతుళ్ళకు సదువు చెప్పేది మీరేనంట గద.”

“అవును.”

“గిదేనా మీరు చెప్పే సదువు?”

ఇరవై ఏళ్ళుగా ఎందరో అధికారులు నా పని తనిఖీ చేశారు. ఇంత తిన్నగా ఎవరూ అడగలేదు.

“ఈ మేడం తప్పు లేదవ్వా. నేను చెప్తెనే చేసింది. తప్పు నాది” అన్నాను. నా పక్కనున్న అమ్మాయి చటుక్కున నా వైపు తిరిగింది.

“ఎవరిదైతే ఏంది? గా రోజు బడి నుంచి వచ్చి ‘అవ్వా, రేపు నేను బడిల ఉండొద్దంట’ అన్నది. ఎందుకే అంటే చెప్పలే. గా దినం అయిపోయినంక గుడ పోవే అంటే పోలే. ఏడ్వను గుడ ఏడ్వలే. ఏడిస్తెనన్న నాకు జర నిమ్మళమయ్యేది.” అవ్వ చాటను నేలకు ఆనించింది. “ఒక్కొక్క దినం చెల్లెకు పాలు లేకున్నా బడి తప్పలేదమ్మా గా పోరి. చెల్లెను చంకనేసుకొని వానల గుడ పోయింది. గసొంటిదాన్ని పొమ్మంటిరి.”

ఆ అమ్మాయి మట్టి నేల మీదే కూలబడింది. “అవ్వా, ఒక్కరోజే అని చెప్పిన. నా మీద ఒట్టు. సోమవారం పంపకు అవ్వా. చెల్లెతోనే రానియ్యి. నేను ఎత్తుకొని పాఠం చెప్త” అని ఏడ్చేసింది. నేను కాలేజీలో ఏనాడూ ఆమె కంట నీళ్ళు చూడలేదు.

అవ్వ మెత్తబడింది. “నువ్వెందుకేడుస్తవ్ బిడ్డా, చిన్నదానివి. నా చేతులేముంది. కొడుకు పంపుమన్నడు. ఆనితోనే మాట్లాడుండ్రి” అని కొంగున కట్టిన ఫోను తీసి మనవరాలికిచ్చింది. ఆ పిల్లే నంబరు నొక్కి, తండ్రి పలికాక, స్పీకరు పెట్టి ఫోను నాకందించింది.

అవతల కాంక్రీటు కలిపే యంత్రం మోత. నేనెవరో చెప్పాను. జరిగింది చెప్పాను. తప్పు నాదేనని మళ్ళీ చెప్పాను. పిల్లకు చదువు వస్తుందని, పావులో సగం సంగతి తనంతట తానే అడిగిందని, పంపవద్దని బతిమాలాను. ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత మోతకు దూరంగా జరిగినట్టున్నాడు, గొంతు స్పష్టంగా వినపడింది.

“మేడం, నేను గుడ గదే బడిల మూడో తరగతి దాంక పోయిన. ఒక దినం పెద్ద సారు తనిఖీకి వస్తడని నన్ను, ఇంకిద్దర్ని ‘ఇయ్యాల్టికి బర్రెల కాడికి పోండ్రిరా’ అన్నరు. పోయినం. తెల్లారి పోదమంటే మనసు రాలే. ఎవ్వరన్న వచ్చి పిలుస్తరేమో అని చూసిన. ఎవ్వరు రాలే. ఇగ గదే నా చదువు.” ఎవరో పిలిస్తే వస్తున్నానని చెప్పి, మళ్ళీ అన్నాడు. “మీరు నా బిడ్డను పిలువను ఇంటిదాంక వచ్చిండ్రు. గది సాలు మేడం. పెద్దదాన్ని ఉంచుతం.”

ఆ అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“గాని చిన్నదాన్ని పంపుండ్రి” అన్నాడు ఆయన.

“వద్దు. చెల్లెతోనే రానియ్యి. ఇగ ఎవ్వరు ఏమనరు, నేను చెప్తున్న గద” అన్నాను.

“మీరనరు మేడం. గా చిన్న మేడం గుడ అనదు. వచ్చే ఏడు ఇంకొకరు వస్తరు, వాళ్ళంటరు. మల్లొకసారి నా బిడ్డను బయటికి పొమ్మంటే నేను ఓర్సుకోలేను. చిన్నది తల్లి కాడుంటది. చెట్టుకు చీరతోని ఉయ్యాల కట్టి ఏస్తం. ఇంకా శానమంది గట్లనే ఏస్తరు.”

నేనెంత వాదించినా ఆయన గొంతు పెంచలేదు, మాట మార్చలేదు. వచ్చే ఏడు వచ్చేవాళ్ళను తయారు చేసేది నేనే. వాళ్ళు అలా అనరని ఆయనకు మాటివ్వగలిగేంత నమ్మకం నా మీద నాకే లేకపోయింది. ఫోను అవ్వకిచ్చేశాను. ఆ పిల్ల అన్నీ విన్నది. చెల్లెలి గౌను గుండీ ఊడిపోతే పెడుతూ కూర్చుంది.

సోమవారం సంగతి ఆ అమ్మాయి చెప్పగా విన్నాను. బస్సు దాకా చెల్లెలిని అక్కే ఎత్తుకెళ్ళింది. మెట్టు మీద నిలబడి లోపలున్న ఆమెకు అందించబోతే చంటిది అక్క జడ పట్టుకొని వదల్లేదట. వేళ్ళు ఒక్కొక్కటి విడదీయాల్సి వచ్చింది. బస్సు పోయాక ఆ పిల్ల ఇంటికి పోకుండా అటునుంచి అటే బడికి వచ్చింది. ప్రార్థన జరుగుతోంది. తన వరసలో నిలబడింది.

ఆ వారమే ఆ అమ్మాయి నా గదికి వచ్చి, తన ఫైనల్ లెసన్ మార్కులు తగ్గించమని అడిగింది. జాబితా పైకి వెళ్ళిపోయిందని చెప్పాను. అది నిజమే. వెళ్ళకపోయినా తగ్గించేదాన్ని కాదు. తగ్గించాల్సి వస్తే ముందు నావి తగ్గించాలి.

మరుసటి ఏడాది హాల్లో ఆ గంట మళ్ళీ మాట్లాడాను. రోలప్ బోర్డు, పిన్ను, అన్నీ చెప్పాను. చివరి మాట మాత్రం మార్చాను. నమోదుకూ హాజరుకూ తేడా ఉంటే, పాఠం వినకముందు నేను ఆ రాని పిల్ల ఇంటికి పోతానని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒకడు లేచి, “మరి వాళ్ళు పాఠం ఖరాబు చేస్తే మా మార్కులు మేడం?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. “తగ్గుతయ్. తగ్గనియ్యి” అన్నాను. అంతకన్నా మంచి జవాబు ఇప్పటికీ నాకు దొరకలేదు. వాళ్ళలో ఎందరు ఆ మాట పాటించారో, ఎందరు నాకన్నా తెలివిగా దాటేశారో చెప్పలేను.

కానీ నన్ను ఈనాటికీ వదలనిది ఆ హాలు కాదు. అంతకు ముందటి ఏడాదే, ఆ అమ్మాయి ప్రాక్టీసు ముగిసే చివరి వారం, నేను మామూలు పరిశీలనకు ఆ బడికి మళ్ళీ వెళ్ళాను. చంకలో ఫైలు, చేతిలో పెన్ను. తరగతిలో కూడికలు చేస్తున్నారు. ఆ పిల్ల రెండో వరసలో ఉంది. నడుము ఖాళీగా, నిటారుగా కూర్చుని పలక మీద రాస్తోంది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అందరూ లేచి నమస్తే చెప్పారు. అందరూ కూర్చున్నారు, ఆ పిల్ల కూర్చోలేదు. పలక సంచిలో పెట్టుకుంది, పుస్తకం పెట్టుకుంది, సంచి భుజాన వేసుకొని గుమ్మం వైపు నడిచి వచ్చింది.

“ఏడికి బిడ్డా?” అన్నాను.

“ఇంటికి.”

“ఎందుకు?”

ఆ పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి బోర్డు దగ్గరున్న తన టీచరును చూసింది. ఆమెకు వినపడకూడదని కాబోలు, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

“మీరు మార్కులెయ్యను వచ్చిండ్రు గద. నేనుంటే మా మేడంకు తక్కువొస్తయి. చెల్లె లేదు గాని, నాకు గుడ మంచిగ చదువు రాదు.”

ఇన్నాళ్ళూ అవ్వకు చెప్పనిది అది. అలిగి మానేయలేదు ఆ పిల్ల. తనను పొమ్మన్న మనిషి మార్కులు కాపాడటానికి మానేసింది.

“ఇయ్యాల మార్కులు లేవు. కూచో” అన్నాను. రెండోసారి చెప్పాక కూర్చుంది. తన చోటికి పోలేదు, గుమ్మం పక్కనే కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకొని రెండు చేతులతో పట్టుకుంది. నేను వెనక కుర్చీలో కూర్చొని రికార్డు తెరిచాను. ఆ పిల్ల బోర్డు వైపు చూడటం లేదు, నా చేతిలో పెన్ను వైపు చూస్తోంది. పెన్ను ఫైలులో పెట్టేశాను. అయినా ఆ చేతులు సడలలేదు. నేను అక్కడున్నంతసేపూ ఆ పిల్ల పలక తీయదని అర్థమైంది. పాఠం సగంలో ఉండగానే లేచి, వెళ్తున్నానని ఆ అమ్మాయికి చేత్తోనే చెప్పి, బడి బయటికి వచ్చేశాను.